ఫాదర్ హయ్యర్, మా అమ్మమ్మ, మెదక్ వదినగారు

గుంటూరు లూథరన్ గుడి, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల గుడి, దాని కథ మా అమ్మమ్మ చెప్తే ఎప్పుడూ డొక్కల కరువు దగ్గరే మొదలయ్యేది. 1832, 33ల్లో వచ్చిన ఆ కరువుని ఆవిడ చూడలేదు, ఆవిడ వాళ్ళ అమ్మమ్మ కూడా చూసుండదు. అయినా ఎదురింట్లో మొన్న జరిగినట్టు చెప్పేది. "మనిషన్నవాడికి డొక్కలు తప్ప ఏం మిగల్లేదంట. పోయినోళ్ళని మోయడానికి నలుగురు దొరికేవాళ్ళు కాదంట" అంటూ చేతిలో చేట పక్కన పెట్టేది. చేట పక్కన పెట్టిందంటే కథ ఇప్పట్లో అవదని మాకు తెలిసిపోయేది.

నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని నందన కరువని కూడా అంటారు. గుంటూరు జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గోదావరికీ కృష్ణకీ ఆనకట్టలు కట్టాలన్న ఆలోచన సర్కారు బుర్రలోకి ఎక్కడానికి ఈ కరువు కూడా ఒక కారణం. కానీ బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యేసరికి 1855 వచ్చింది. అంటే మా గుడి కథలో పెద్దమనిషి గుంటూరులో అడుగుపెట్టిన నాటికి ఈ కాలవలూ లేవు, ఈ మాగాణీ లేదు. వాన పడితే పంట, పడకపోతే పస్తు. అమ్మమ్మ కరువుతో ఎందుకు మొదలుపెట్టేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ నేపథ్యం లేకుండా చెప్తే ఎవరో దొర ఓడెక్కి వచ్చాడు, గుడి కట్టాడు, అయిపోయింది అన్నట్టుంటుంది.

ఆ పెద్దమనిషి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. ఊరంతా ఫాదర్ హయ్యర్ అనే అంటారు. జర్మనీలో హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో 1793లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి చేరాడు. ఇండియాకి బయల్దేరేనాటికి పిల్లలున్న మనిషి, భార్య పోయి రెండేళ్ళు. 1841 అక్టోబరులో బోస్టన్‌లో 'బ్రెండా' అనే ఓడ ఎక్కాడు. సింహళం మీదుగా దక్షిణాదిలో దిగి, అక్కణ్ణుంచి తీరం వెంబడి పైకి పైకి వచ్చాడు. అప్పటికి రైలు లేదు కదా, పల్లకీయే గతి. గుంటూరు చేరింది 1842 జులై 31న. ఆ రోజు ఆదివారం.

"ఆదివారం నాడే దింపాడు చూడు దేవుడు" అనేది అమ్మమ్మ. బోయీలు ఎక్కడైనా ఒక్క పూట ఎక్కువ ఆగుంటే సోమవారం అయ్యేది కదా అని మా అన్నయ్య అడిగితే, వాడికి ఆ పూట జంతికలు కట్.

అప్పుడు గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్. తన జిల్లాలో ఒక మిషనరీ ఉండాలి, బడి నడవాలి అని ఆయనకి పట్టుదల. హయ్యర్‌కి బస ఇచ్చింది, ఇక్కడే ఉండిపొమ్మని పట్టుబట్టింది ఆయనే. బందరులో అంతకు ఏడాది ముందే ఇంగ్లీషు సంఘం వాళ్ళు, అంటే ఆంగ్లికన్లు, రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దిగారు. ఆ నోబుల్ గారి పేరే తర్వాత బందరు కాలేజీకి వచ్చింది. గుంటూరు మాత్రం అమెరికా లూథరన్ల వంతు అయింది. ఇవాళ ఎవరైనా "గుంటూరులో లూథరన్లు, బందరులో సీఎస్సైవాళ్ళు (ఆ ఇంగ్లీషు సంఘం తర్వాత కలిసిన సంఘం), ఒంగోల్లో బాప్టిస్టులు ఎక్కువేంటి" అని అడిగితే దాని వెనక పెద్ద దైవశాస్త్రం ఏమీ లేదు. ఏ దొర ఎక్కడ దిగాడు, ఎవరు ఆపారు, అంతే.

హయ్యర్ చేసిన మొదటి పని బడులు పెట్టడం. ఆడపిల్లలకి కూడా. 1842, 43 సంగతి ఇది, మర్చిపోకండి. ఆరోగ్యం దెబ్బతిని 1845 చివర్లో వెనక్కి వెళ్ళాడు. వెళ్ళి విశ్రాంతి తీసుకున్నాడా అంటే లేదు. బాల్టిమోర్‌లో వైద్యం చదివి, యాభై దాటాక డాక్టరు పట్టా పుచ్చుకుని, మళ్ళీ ఓడెక్కాడు. రెండోసారి వచ్చినప్పుడు గుంటూరులోనే కూర్చోకుండా పల్నాడు వెళ్ళి గురజాలలో మకాం పెట్టాడు. అక్కడి ఎండలు ఎరిగినవాళ్ళకి ఆ మాట చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. 1857లో తిరిగి అమెరికా వెళ్ళి, మిన్నెసోటాలో కొత్తగా వస్తున్న ఊళ్ళల్లో సంఘాలు కట్టుకుంటూ పోయాడు.

ఇక మూడోసారి. మా అమ్మమ్మకి ఈ కథలో ప్రాణం ఇక్కడే ఉండేది. 1869. అమెరికాలో అంతర్యుద్ధం అయిపోయినా లూథరన్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఇక్కడికి పంపడానికి మనుషుల్లేరు, డబ్బు అంతకన్నా లేదు. గుంటూరులో ఎరియాస్ ఉనాంగ్‌స్ట్ అనే మిషనరీ కొన్నేళ్ళపాటు ఒక్కడే బండి లాగాడు. రాజమండ్రి, సామర్లకోట వైపున్న పనిని ఇక మా వల్ల కాదని ఇంగ్లీషు సంఘానికి అప్పగించేద్దామన్నంత వరకూ వచ్చింది వ్యవహారం. అది విని హయ్యర్ జర్మనీ నుంచి పరుగున వచ్చి పెన్సిల్వేనియాలో సభ జరుగుతుంటే లేచి, ఎవరూ వెళ్ళకపోతే నేను వెళ్తాను అన్నాడు. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్ళు దాటాయి.

సంచి సర్దుకునే సభకి వచ్చాడని అమ్మమ్మ చెప్పేది. ఆ సంచి కథ పుస్తకాల్లో కూడా ఉంది. "మూడుసార్లు వచ్చాడే, మూడుసార్లు! మీ తాతని చీరాల నుంచి పండక్కి రెండోసారి రమ్మంటే బస్సులో కుదుపులన్నాడు" అని తాతయ్య వినేలా అనేది. తాతయ్య పేపరు తిప్పేవాడు తప్ప తలెత్తేవాడు కాదు. 1869 చివర్లో వచ్చిన హయ్యర్ ఏడాదికి పైగా ఉండి, రాజమండ్రి పనిని నిలబెట్టి, 1871లో వెళ్ళిపోయాడు. 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో పోయాడు. రాజమండ్రి పోకుండా ఆగింది కాబట్టే తర్వాత, 1927లో, అటు గోదావరి వాళ్ళూ ఇటు కృష్ణా గుంటూరు వాళ్ళూ కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యారు. మనవాళ్ళ పలుకుబడిలో ఏయీఎల్సీ. దాని అధ్యక్ష పీఠం మీద తెలుగు మనిషి కూర్చోవడానికి ఇంకో పదిహేడేళ్ళు, 1944 వరకూ ఆగాల్సొచ్చింది. ఈ రాజ్యాంగం గొడవలు అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది కాదు, నాకూ పెద్దగా ఆసక్తి లేదు.

హయ్యర్‌కీ ఉనాంగ్‌స్ట్‌కీ మధ్యలో వాల్టర్ గన్ అని ఇంకొకాయన ఉన్నాడు. 1844లో భార్యతో సహా గుంటూరు వచ్చి, ఏడేళ్ళకే, 1851లో ఇక్కడే పోయాడు. ఆయన సంగతి, హయ్యర్ జ్ఞాపకంగా జులై 31న చేసే ప్రసంగాల్లో పెద్దగా రాదు. మూడుసార్లు వచ్చినవాడి ముందు, ఒక్కసారే వచ్చి తిరిగి వెళ్ళలేకపోయినవాడు చిన్నగా కనిపిస్తాడేమో. నాకు అది న్యాయంగా అనిపించదు.

ఇంతవరకూ చెప్పింది దొరల కథ. మా ఇంటి కథ వేరే ఉంది. అది తాతమ్మది, అంటే అమ్మమ్మ వాళ్ళ అమ్మది.

తాతమ్మ బైబిల్ ఉమన్. ఈ ఉద్యోగం ఇప్పటివాళ్ళకి తెలియదు. మిషన్ వాళ్ళు చదువు చెప్పించి, ఊళ్ళోకి పంపే ఆడవాళ్ళు వీళ్ళు. ఆ రోజుల్లో పెద్ద ఇళ్ళలో ఆడవాళ్ళు గడప దాటేవాళ్ళు కాదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి అక్షరాలు నేర్పడం, కథలు చెప్పడం, పాటలు పాడటం వీళ్ళ పని. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డ సంచి. సంచిలో బైబిలు, ఒక పలక, రెండు బలపాలు, తాగడానికి సొంత చెంబు. ఆ చెంబు ఎందుకో చెప్పక్కర్లేదు. బ్రాడీపేటలో ఒకరింట్లో అరుగు మీద చాప వేసేవాళ్ళట, ఆ చాప ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదట. ఆవిడ వెళ్ళాక అరుగు కడిగేవాళ్ళట. మళ్ళీ అదే ఇంటి కోడలు, పుట్టింటికి తన చేత్తో మొదటి ఉత్తరం రాసుకుంది ఆవిడ నేర్పిన అక్షరాలతోనే. తాతమ్మ ఆ అరుగు సంగతి, ఉత్తరం సంగతి రెండూ ఒకే గొంతుతో చెప్పేదంట. కోపం అరుగుకీ, సంతోషం ఉత్తరానికీ అని విడదీసేది కాదంట. నాకు మాత్రం అరుగు మీద కోపం ఇప్పటికీ ఉంది.

మా గుడి ఎవరిదో ఇక్కడ దాచకుండా చెప్పాలి. మొదట్లో హయ్యర్ దగ్గరికి వచ్చినవాళ్ళు కొద్దిమందే. తర్వాత వచ్చిన కరువుల్లో, ముఖ్యంగా 1876-78 కరువు తర్వాత, మాలపల్లెలూ మాదిగపల్లెలూ కదిలాయి. లూథరన్ సంఘంలో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ అని అందరికీ తెలిసిందే. గంజి కోసం వచ్చారు అని ఎగతాళి చేసినవాళ్ళు నా చిన్నప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అమ్మమ్మ దానికి ఒకే జవాబు చెప్పేది: "అవును, ఆకలేసింది. అన్నం పెట్టినోడి దగ్గరికి పోక, తన్నినోడి దగ్గరికి పోతారా?" నేను ఈ విషయం మీద చాలా పుస్తకాలు చూశాను గానీ, ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు కనపడలేదు.

పల్లెల్లో ఈ పని మోసింది ఉపదేశులు. పగలు బడి పంతులు, సాయంత్రం ప్రార్థన, మధ్యలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి గేదె పోయినా, ఎవరి మీద కరణం కన్నెర్ర చేసినా అర్జీ రాసిపెట్టేది ఆయనే. గుడి గోడల మీద చలవరాతి పలకల్లో వీళ్ళ పేర్లు తక్కువ.

డాక్టరమ్మ గారి కథలోకి తాతమ్మ ఎలా వస్తుందో చెప్పి తీరాలి. అన్నా కుగ్లర్ అని, పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరే, కానీ ఆమెని పంపినవాళ్ళు డాక్టరుగా పంపలేదు. అప్పటికి ఆడవాళ్ళ వైద్యం మా పని కాదన్నారు, బడి చూసుకోమన్నారు. సరేనని బడి చూసుకుంటూనే మందులపెట్టె కూడా తెచ్చుకుంది. జనం ఆగుతారా? వచ్చిన ఏడాదే రోగులు వరసలు కట్టారు. చివరికి 1885లో పెద్దలు దిగొచ్చి ఆమెని వైద్య మిషనరీగానే నియమించారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆమె గుంటూరులోనే పోయింది. తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. మేమందరం కుగ్లర్‌లో పుట్టినవాళ్ళమే.

మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూస్తే పరువు పోతుందనుకునే ఇళ్ళు అవి. ఆ ఇళ్ళల్లో ముందు అడుగుపెట్టింది బైబిల్ ఉమన్లే. లోపల ఎవరికి కాన్పు కష్టమైంది, ఎవరు నెలల తరబడి మంచం మీద ఉన్నారు అన్నది వీళ్ళకే తెలిసేది. తాతమ్మ వయసులో ఉన్నప్పుడు డాక్టరమ్మగారు ముసలావిడ. ఆమె బండి ముందు గొడుగేసుకుని దారి చూపిస్తూ నడిచానని తాతమ్మ చెప్పుకునేదంట. ఏలూరు రాజా భుజంగరావు గారు తన ఇంటావిడకి నయమైందన్న కృతజ్ఞతతో, ఆసుపత్రికి వచ్చే హిందువుల కుటుంబాలు ఉండటానికి ఒక సత్రం కట్టించారు. జమీందారు సత్రం కట్టించడం వింత కాదు. మిషన్ ఆసుపత్రి ఎదురుగా కట్టించడం వింత. అరుగులు కడిగిన ఊరే అది, అదీ ఆ రోజుల్లో.

ఇక మా చిన్నప్పటి గుడి.

గుంటూరులో లూథరన్లకి దిక్కుల పేర్లతో పారిష్‌లు, అంటే స్థానిక సంఘాలు. ఏది పెద్దది, దేని క్వయర్ (పాటల బృందం) గొప్పది అన్న పోటీ ఇప్పటికీ ఉంది కాబట్టి మాది ఏ దిక్కో చెప్పను. ఆదివారం మొదటి గంటకి లేవాలి, రెండో గంటకి తలదువ్వుకోవాలి, మూడో గంటకి బెంచీ మీద ఉండాలి. ఎడమవైపు మగవాళ్ళు, కుడివైపు ఆడవాళ్ళు. పిల్లలం ముందు చాపల మీద. అయ్యగారు ప్రసంగంలో "చివరిగా ఒక్క మాట" అన్నాక ఇంకో పావుగంట ఉంటుందని మాకు లెక్క. ఇంటి దగ్గర కోడికూర కుంపటి మీద పెట్టి వచ్చిన ఆడవాళ్ళకి ఆ పావుగంట మా కన్నా ఎక్కువ టెన్షన్.

పెద్ద తరగతికి వచ్చాక నిర్ధారణ పాఠాలు, అంటే సంఘంలో పూర్తి సభ్యులు కావడానికి ముందు నేర్చుకునేవి. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి మొత్తం కంఠతా రావాలి. పది ఆజ్ఞలు ఒక్కొక్కటీ చెప్పడం, వెంటనే "దీనికి అర్థమేమి?" అని అయ్యగారు అడగడం. ఏ ఆజ్ఞకైనా జవాబు "మనము దేవునికి భయపడి" అనే మొదలవుతుంది కాబట్టి అక్కడి దాకా అందరం ఒకే గొంతుతో గట్టిగా అరిచేవాళ్ళం. ఆ తర్వాత గొంతులు ఒక్కొక్కటే జారిపోయేవి. చివరికి పాస్టరయ్యగారి అమ్మాయి ఒక్కతే మిగిలేది. నాలుగు వందల యేళ్ళ కిందట జర్మనీలో పిల్లలకి పెట్టిన బాధ గుంటూరు పిల్లలకి కూడా అందిందంటే, హయ్యర్ ఎంత జాగ్రత్తగా మోసుకొచ్చాడో చూడండి!

క్రిస్మస్ గురించి అందరూ రాస్తారు. నేను కోత పండుగ గురించి రాస్తాను. సంక్రాంతి అయ్యాక, పంట ఇంటికొచ్చాక, ఒక ఆదివారం. ఎవరికి పండింది వాళ్ళు గుడికి తెస్తారు. బలిపీఠం ముందు వడ్ల బస్తాలు, కందులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, గుడ్ల గంపలు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎండుమిర్చి తెచ్చేవాళ్ళు. గుంటూరు కదా. ఒక ఏడు ఎవరో బస్తా మూతి సరిగ్గా కట్టలేదు. ఫ్యాన్లు వేశారు. మొదట క్వయర్‌లో ఆల్టో పాడే అక్క తుమ్మింది. తర్వాత హార్మోనియం మాస్టారు. తర్వాత ముందు వరసలు, నడి వరసలు. ఒప్పుకోలు ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గుడి గుడంతా కళ్ళనీళ్ళు. కొత్తగా వచ్చిన అయ్యగారు సంఘం ఇంత పశ్చాత్తాపంలో ఉందని చూసి కదిలిపోయారు. ఆయనకీ ఘాటు తగిలాక గానీ సంగతి తెలియలేదు.

ఆరాధన అయ్యాక వేలం. దాని కోసమే వచ్చేవాళ్ళు కొందరు. సంఘపెద్ద ఒకాయన బల్ల ఎక్కి సొరకాయ పైకెత్తి "రూపాయి ఒకటోసారి" అంటే మొదలు. సొరకాయ రూపాయిదే, కానీ ఇద్దరు బావమరుదులు పంతానికి పోతే యాభై అయ్యేది. ఒకసారి ఒక ముసలావిడ, పల్లె నుంచి నడిచొచ్చినావిడ, చెంగులో కట్టుకొచ్చిన నాలుగు గుడ్లు పెట్టింది. వేలంలో ఒకాయన వంద పెట్టి కొని, ఆ గుడ్లు తీసుకెళ్ళి మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆవిడ సంతోషిస్తుందని అందరం చూస్తున్నాం. ఆవిడకి కోపం వచ్చింది. "దేవుడికిచ్చింది మళ్ళీ నాకిస్తావేంది నాయనా, నేనేమన్నా అడుక్కోడానికొచ్చానా?" అని గుడ్లు తిరిగి బల్ల మీద పెట్టించింది. వాటిని మళ్ళీ వేలం వేశారు. పాట మళ్ళీ రూపాయి దగ్గర మొదలైంది.

ఇక మెదక్ వదినగారు. మా పిన్నిని మెదక్ దగ్గర ఒక ఉపాధ్యాయుల కుటుంబంలో ఇచ్చారు. వాళ్ళు మెథడిస్టులు, ప్రొటెస్టెంట్లలోనే ఇంకో శాఖ. సర్కారు లెక్కలో, సంఘం లెక్కలో కాదు గానీ వాళ్ళ లెక్కలో. ఎందుకంటే ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ, మరికొందరూ కలిసి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్సై, అయిపోయారు. మెదక్ వాళ్ళు అందులో ఉన్నారు. లూథరన్లం మేం కలవలేదు. హైదరాబాదు, వికారాబాదు వైపు అమెరికా మెథడిస్టులూ కలవకుండా విడిగానే ఉన్నారు. పిన్ని అత్తగారు మాత్రం సీఎస్సై అయి పాతికేళ్ళు దాటినా "మేము మెథడిస్టులం" అనే చెప్పేవారు. వియ్యపురాళ్ళు ఇద్దరూ ఒకరినొకరు వదినగారూ అనే పిలుచుకునేవాళ్ళు. ఆ పిలుపులో మర్యాద ఎంతుండేదో పోటీ అంతుండేది.

ఆవిడ వేసవికి గుంటూరు వస్తే పంచలో నవారు మంచం మీద ఇద్దరూ చేరేవాళ్ళు. "మా గుడి సూడాలె వదినగారూ. అయిదు వేలమంది కూసుంటరు. గోపురం నూటడెబ్బై అయిదు అడుగులు. గా అద్దాల కిటికీలల్ల ఏసయ్య పుట్టుడు, సిలువ, పైకి పోవుడు, అన్నీ ఎలుగుతోని కనపడ్తయి" అని ఆవిడ మొదలుపెట్టేవారు. అమ్మమ్మ ఊరుకుంటుందా? "పెద్దదేలే వదినగారూ, కాదన్నదెవరు? మరి మీ గుడి ఎప్పటిది? 1924 క్రిస్మస్‌కి కదా తెరిచింది. అప్పటికి మాకు ఎనభై ఏళ్ళు దాటింది."

"ఎప్పటిదైతేంది, అన్నం పెట్టి కట్టిచ్చిన్రు మా గుడి!" అనేవారు ఆవిడ. అది నిజమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఊరికే గంజి పోయకుండా, పని ఇచ్చి కూలి ఇచ్చి, ఏళ్ళ తరబడి ఆ గుడి కట్టించాడు. మెదక్‌లో ఇప్పటికీ కథగా చెప్తారు. కరువు మాట వచ్చేసరికి అమ్మమ్మ మెత్తబడేది. పోటీ అంతటితో ఆగిపోయేది. డొక్కల కరువు ఒకరు చెప్తే, మెదక్ కరువు ఇంకొకరు చెప్పేవాళ్ళు. ఇద్దరి గుళ్ళూ ఆకలిలోంచే లేచాయని వాళ్ళకి తెలుసు. మధ్యలో చేటలో చింతపండు గింజలు తీస్తూ ఉండేవాళ్ళు, పోటీలో ఎవరు గెలిచినా పని మాత్రం ఇద్దరూ సమానంగా చేసేవాళ్ళు.

1977 నవంబరులో ఉప్పెన వచ్చిన ఏడు మాత్రం వేసవి దాకా ఆగకుండా మెదక్ వదినగారు క్రిస్మస్‌కి ముందే వచ్చారు. వాళ్ళ సంఘంలో పోగు చేసిన బట్టల మూటలు పట్టుకుని. దివిసీమకి పంపడానికి మా గుడి పంచలో బట్టలు విడదీస్తుంటే ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ ఏడు మా కాంపౌండ్‌లో వెదురుబద్దలతో, రంగుకాగితంతో కట్టే స్టార్ కట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ చేతులు రాలేదు.

కాంపౌండ్ అంటే గుర్తొచ్చింది, గుర్రం జాషువా గారు కూడా గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ బడిలో పంతులుగా పనిచేశారు. వినుకొండలో పుట్టిన కవి, రెండు మతాలవాళ్ళ మాటలూ పడ్డ మనిషి, 1971లో గుంటూరులోనే పోయారు. అమ్మమ్మకి ఆయన పద్యాలు నోటికి వచ్చు, అర్థం అడిగితే మాత్రం "పద్యం పాడితే చాలు, అర్థం అదే వస్తుంది" అనేది. ఇక 1885లో మిషన్ మొదలుపెట్టిన కాలేజీయే తర్వాత ఏసీ, అంటే ఆంధ్ర క్రిస్టియన్, కాలేజీ అయింది. ఎన్టీ రామారావు, జగ్గయ్య అక్కడ చదివినవాళ్ళే. మా ఇంట్లో మగపిల్లలందరికీ ఏసీ, అమ్మకీ పిన్నికీ స్టాల్ గర్ల్స్ హైస్కూలు. చదువు సంగతిలో మా గుడి ఊరికి చేసింది పెద్దది, ఇంతకుమించి ఇక్కడ విప్పను.

పాటల సంగతి మాత్రం విప్పుతాను, నాకు అసలు బాధ అక్కడే ఉంది కాబట్టి. మా కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన మీదా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారని, 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఒరియా మనిషి, తెలుగులో ఎన్నో కీర్తనలు రాశారు. ఒరియా ఇంట్లో పుట్టిన ఆయన తెలుగు రాగాల్లో రాస్తే, మన పిల్లలు ఇవాళ వాటిని కీబోర్డులో రెడీగా ఉన్న బీట్ మీద పాడుతున్నారు. ఏ కీర్తన అయినా ఒకటే దరువు. జంపె తాళం అని పుస్తకంలో ఉంటుంది, డ్రమ్స్ కుర్రాడు మాత్రం పెళ్ళి ఊరేగింపు వాయిస్తాడు. కొత్త పాటలు వద్దనడం లేదు. కొన్ని బాగుంటాయి కూడా. కానీ పాతవాటిని పాతగానే వదిలేయొచ్చు కదా.

మొన్న జులై 31కి ఫాదర్ హయ్యర్ జ్ఞాపక ఆరాధన. మెదక్ నుంచి పిన్ని వచ్చింది, ఎనభై దాటింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, ముందు వరసలో కుర్చీ వేశాం. ఆరాధనకి ముందు క్వయర్ పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు, అదే బీటు. పిన్ని కాసేపు విని, వేలు ఎత్తి ఆపమంది. కీబోర్డు కుర్రాడు మర్యాదగా లేచొచ్చి, "బామ్మగారూ, మీకు ఏ స్కేల్‌లో కావాలి?" అన్నాడు.

"స్కేలు సంగతి తర్వాత. ముందు ఆ మిషను కట్టెయ్యి. రాగం పైనే రాసుంది కదరా, చదువుకోలా?"

వాడు నిజంగానే కట్టేశాడు. పిన్ని తొడ మీద తాళం వేస్తూ పల్లవి ఎత్తుకుంది. రెండో చరణానికి మా వయసువాళ్ళం కలిశాం. మూడో చరణానికి కుర్రాడు ఫోన్ తీశాడు, వీడియోకి అనుకున్నాను. రికార్డు చేసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి, ఆ రాగానికి స్వరాలు రాసిమ్మని అడిగాడు. పిన్నికి స్వరాలు రాయడం రాదు. ఏసీ కాలేజీలో సంగీతం తెలిసిన మాస్టారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమని నాకు పురమాయించింది. ఆ పని మీదే తిరుగుతున్నాను.